పొట్టి అడుగు

పెద్ద మోటారు కొన్నప్పుడు నన్నెవరూ అడగలేదు.
అది గురువులూ, వాళ్లన్నా, సొసైటీ లోనూ కలిసి కొన్నది.
చిన్నది నాది.
రెండు వానాకాలాల ఎండుచేపల డబ్బు.
నాలుగు గుర్రాల బలం అని చెప్పి అమ్మారు.
పడవ వెనక ఓ పక్కకి వేలాడుతూ
ఎప్పుడూ తడవని తోక.

కార్తీకంలో తడిసింది.
సోనాపురం మొగ దగ్గర, పాటు నీరు
బాహుదాని సముద్రంలోకి లాగేస్తున్న వేళ
పెద్దది దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఊరుకుంది.
చిన్నదాన్ని దించారు.
ఒడ్డు మీద నాకు దాని గొంతు వినబడింది,
మోయలేని బండికి కట్టిన గొడ్డు మూలుగులాగ.
తీగ ఎంత లాగినా గొంతు లేవదు.
గంటన్నర.
ముందుకొచ్చింది తక్కువ, పక్కకి పోయింది ఎక్కువ.
కారి ఎల్లాజీ తాడు విసిరి లాక్కొచ్చాడు,
లాక్కొచ్చినందుకు పాటలో సగం పట్టుకుపోయాడు.

"చిన్న మోటారు, దాని తప్పేటుంది" అన్నాడు గురువులు.
నేను దాని కాలు తిప్పి చూశాను.
మూడు రెక్కలు. మొదట్లో అచ్చుగుద్దిన అంకెలు:
ఏడున్నర. ఎనిమిది.

పాత లుంగీలో చుట్టి బరంపురం బస్సెక్కాను.
పాత్రో బాబు కొట్టులో గోడనిండా రెక్కలే,
మేకులకి తగిలించిన ఇత్తడి పువ్వులు.
"కేతే జోర్‌రే జిబ?" అన్నాడు, ఎంత జోరుగా పోవాలి అని.
పోవడం కాదు బాబూ, రావాలి అన్నాను.
అతను నవ్వి, మెరిసేదొకటి తీశాడు.
దీంతో పడవ పరిగెడుతుందట.
ఎవరి పడవ?
చిలికలో టూరిస్టుల పడవ.

అప్పుడు చెప్పాను మా పడవ సంగతి:
ఐదుగురు మనుషులు, తడిసిన వల, ఐసు పెట్టెలు,
దేవుడిస్తే చేప.
మెరిసేది మళ్లీ మేకుకి తగిలించాడు.
మొదటి అంకె రెక్కల వెడల్పు అన్నాడు.
రెండోది, నీళ్లే గనక చెక్క అయితే
ఒక్క తిప్పుకి మర ఎన్ని అంగుళాలు దిగుతుందో అది.
నీళ్లు చెక్క కాదు కదా, జారుతుంది, అయినా లెక్క అదే.

ఎనిమిదంగుళాల అంగ!
పదిహేనేళ్లు గంప మోశాను నేను,
తెల్లారకుండా ఇచ్ఛాపురం దాకా.
బరువు నెత్తినున్నప్పుడు అంగ చాచితే
ఇసకలో కాలు దిగుతుంది, మెడ పోతుంది.
పొట్టి అడుగు వెయ్యాలి, గబగబా వెయ్యాలి.
ఖాళీ గంపతో ఇంటికొచ్చే నడక వేరు.
ఈ మాట మోటారుకి ఎవరూ చెప్పలేదు.

ఆరంగుళాలది ఒక్కటే దొరికింది,
పాతది, ఓ రెక్క అంచు రాయికి తిన్నది.
సైకిలు పుల్లకి గుచ్చి తిప్పాడు.
బరువైన రెక్క కిందికొచ్చి ఆగింది.
ఆకురాయి పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ రాశాడు.
ఎక్కడాపినా అక్కడే నిలబడేదాకా
నేను బస్సు వదులుకుని కూచున్నాను.
ఇత్తడి పిన్నులు మూడు అడిగాను,
రెక్క బండకి తగిలితే మోటారు పళ్లు రాలకుండా
ముందు తాను విరిగేవి.
వాటికి డబ్బు తీసుకోలేదు.

ఏటిలో దింపి చూశాం, నిండు బరువుతో.
ఈసారి గొంతు లేచింది,
మూలుగు కాదు, పనిలో ఉన్న మనిషి కూనిరాగం.
గట్టు మీద నేను నడిచాను, పక్కనే పడవ.
నన్ను దాటలేదు. వెనకపడలేదు.
"ఇదేటే, నడకేగా" అని అరిచాడు గురువులు.
నడకే.
పాటుకి ఎదురుగా, ఆగకుండా, మొగ దాటేంత నడక.
బరువు దింపాక మాత్రం తీగ పూర్తిగా లాగకు,
ఒట్టి కాళ్లతో గింగిర్లు కొట్టి చస్తుందని చెప్పాను.

పాతది అమ్మలేదు.
ఏడున్నర, ఎనిమిది.
ఖాళీగా తిరిగొచ్చే పడవకి అదే సరైనది.
అలాంటి రోజుకి చెయ్యందకుండా
అటక మీద, వెదురుబుట్టల వెనక పెట్టాను.