వంద గ్రాముల రాయి

పర్లాకిమిడి బజారు వెనక సందులో
నాది తూకాల కొట్టు.
కాటాలు సరిచేస్తాను, రాళ్ళకు సీసం పోస్తాను,
ఏడాదికోసారి అధికారి వచ్చి ముద్ర కొట్టి పోతాడు.
కత్తుల సంగతి నాకేం తెలుసు?

అయినా అఖాడా గురువు నటబర్ పఢియారి
గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు.
"చెయ్యి అదే, కత్తి అదే మేస్త్రీ,
మా గుంట చేతిలో ముందుకు తూలిపోతోంది.
దీనికేటో అయింది."

విప్పాను.
పిడి చివర పాత ఇత్తడి గుబ్బ లేదు.
దాని చోట నల్లని దున్న కొమ్ము.
మా లోకనాథం పనే, చూడగానే తెలిసింది:
ముక్కు రెక్కలో దాచుకున్న కొంగ,
కంటికి ఆవగింజంత తెల్ల చుక్క.
బొటనవేలు పెడితే నూనె రాసిన జుట్టులా జారింది.
ఇరవై ఏళ్ళుగా ఒకే బల్ల మీద టీ తాగుతాం, అతనూ నేనూ.

చూపుడువేలు చాచి దాని మీద కత్తిని ఆనించాను.
ఇత్తడి ఉన్నన్నాళ్ళూ
పిడి అడ్డుపట్టీకి నాలుగు వేళ్ళ అవతల నిలిచేదట.
ఇప్పుడు ఆరు వేళ్ళు దాటితే గాని నిలవలేదు.
పద్దెనిమిది తులాల ఇత్తడి పోయి
నాలుగు తులాల కొమ్ము వచ్చింది మరి.
మొత్తం మీద బరువు తగ్గిందే గాని పెరగలేదు.
ఆ మాట మణికట్టుకు చెప్పి చూడండి.

ఝరణాకి పద్నాలుగేళ్ళు.
కొట్టు ముందు సైకిళ్ళు జరిపించి తిప్పి చూపింది.
వేటు దిగడం బాగానే దిగుతోంది,
తిరిగి పైకి రావడం లేదు.
"వెళ్ళొస్తా" అంటూనే
గడపలో నిలబడిపోయే చుట్టంలా
పడ్డ చోటే ఉండిపోతోంది.

ముందు సీసం గుబ్బ పోసి బిగించాను.
నిలిచే చోటు రెండున్నర వేళ్ళకు వెనక్కొచ్చింది.
మొన ఈగలాగ ఎటంటే అటు తిరిగింది.
అరటిబోదె మీద వేస్తే మాత్రం
పైపొర గీసి ఊరుకుంది.
"ఇది కత్తి కాదు, విసనకర్ర" అంది గుంట.

గురువు నమ్మలేదు.
బరువు కలిపితే తేలికవడమేటి?
నా దగ్గర మాటల్లేవు, తక్కెడ కర్ర ఉంది.
తాడు నాలుగంగుళాలు జరిపి చూపించాను.
కర్ర వైపు చూశాడు, పిల్ల చేతి వైపు చూశాడు,
"హఉ" అన్నాడు.

పాత ఇత్తడిలాంటిదే ఇంకోటి పెట్టేస్తే సరి.
కానీ లోకనాథం పక్కనే ఉన్నాడు.
ఏమీ అనలేదు, కొంగను చూడలేదు.
గోడ మీది కేలండరు శ్రద్ధగా చదువుతున్నాడు.
అది ఒడియాలో ఉంది.
అతనికి ఒడియా చదవడం రాదు.

"కొంగ పొట్ట తొలవనిస్తావా?"
చాలాసేపటికి తల ఊపాడు.
లేత్ మీద కొమ్ము వేడెక్కి
కొట్టంతా జుట్టు కాలిన కంపు.
ఆ పూట టీ ఎవరమూ ముట్టలేదు.

బటన్ల కాటాలొచ్చాక అమ్ముడుపోని రాళ్ళు
బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.
వంద గ్రాములది తీశాను, ముద్ర ఇంకా చెరగనిది.
అంచులు అరగదీసి, లక్క కరిగించి,
చీకట్లోకి దించాను.

ఐదు వేళ్ళు.
పాత చోటు కాదు.
ఇంకా కావాలంటుందేమోనని
యాభై గ్రాముల రాయి గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను.
ఝరణా మూడుసార్లు నరికింది.
నాలుగోసారి బోదెను తాకబోయి
వెంట్రుకవాసిలో ఆపి వెనక్కి తిప్పుకుంది.
"ఇక్కడే ఉండనీండి."

దసరా ఊరేగింపులో ఊరంతా కొంగను చూసింది.
లోకనాథానికి శాలువా కప్పారు,
మైకులో అతని పేరు రెండు భాషల్లోనూ తప్పు పలికారు.
నేను జనంలో నిలబడి
పిల్ల మణికట్టునే చూస్తున్నాను.
యాభై గ్రాముల రాయి జేబులోనే ఉంది.

ఈ ఏడాది అధికారి డబ్బా బోర్లించి లెక్కపెట్టాడు.
"వందది ఒకటి తక్కువేం?"

వాడకంలో ఉందన్నాను.