మూడు కాళ్ల కుందేలు

మా కొట్టు నేలకింద. పదకొండు మెట్లు దిగాలి.
డిసెంబరులో తాంపెరేకి మూడింటికే పొద్దుపోతుంది,
కిందికి దిగినవాళ్లకి తేడా తెలీదు.

పెట్టెల మధ్య నిలబెట్టిన అట్టలు నా చేతిరాతే:
గోతిక్ రాక్. గోతిక్ మెటల్. డూమ్.
ఆ చివర, గోడవార, "ఇంకా తేలనివి."
తేలనివాటిలో ఇరవై ఏళ్లుగా ఒక్కటే రికార్డు,
కల్మన్‌లెహ్తో వాళ్ల రెండోది.
అట్ట మీద మంచులో కూరుకుపోయిన పడవ. పేరు లేదు.

శనివారం శనివారం వస్తారు ఇద్దరూ.
తైస్తో కాగితం మిల్లులో చేసి మానేశాడు,
నల్లకోటు గుండీలన్నీ వెండివి, ఒకటి తప్ప.
హెల్కా పళ్ల ఆసుపత్రిలో నర్సు.
పనిలో చెరిపేసుకున్న కాటుక
మా మెట్ల మీద మళ్లీ దిద్దుకుని దిగుతుంది.
చేతిలో పొట్లం: తమ్మెల సంతలో కొన్న నల్ల సాసేజి,
పక్కన ఎర్రగా లింగన్‌బెర్రీ జాము.
దాని పేరు మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

వేళ్లు తుడుచుకోగానే మొదలు.
"గిటారు ఏడిస్తే రాక్, రుబ్బితే మెటల్.
ఇది ఏడుస్తోంది. పక్కగదిలో ఎవరో ఆపుకుంటున్నట్టు."
"రుబ్బుతోంది. ఆ డ్రమ్ములవాడు రెండు కాళ్లతో తొక్కుతున్నాడు.
రాక్ వాళ్లకి ఒక కాలు చాలు."
"నాలుగో పాటలోనేగా!"
"కుండెడు పాలకి ఎన్ని చుక్కలు కావాలేం విషం?"
"విషమని తనే ఒప్పుకున్నాడు, రాసుకో," అంటుంది నాకేసి తిరిగి.

ఓసారి ఒత్సో అనే కుర్రాడు మధ్యలో దూరి
ఇప్పుడు దీన్ని అట్మాస్ఫెరిక్ గోతిక్ డూమ్ మెటల్ అంటున్నారండీ అన్నాడు.
ఇద్దరూ ఒక్కసారే అతని వైపు తిరిగారు.
పాపం, ఏమీ కొనకుండానే మెట్లెక్కాడు.

ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడు కాళ్లే ఇస్తారు.
పైన వీధిలో నిజం కుందేలు
ట్రాము పట్టాలు దాటి
మంచులో నాలుగు గుర్తులూ వేసి పోతుంది.
ఎవరం ఎక్కి చూడం.

ఇందులో ఒక మెలిక ఉంది, హెల్కా మరిచిపోనిది.
ఈ రికార్డు వచ్చిన ఏడు, మా అందరికన్నా ముందు
"ఇది రాకే" అని బల్ల గుద్దినవాడు తైస్తో.
మాట ఎప్పుడు మార్చాడో నేను లెక్కపెట్టలేదు.
ఆమె పెట్టింది. అప్పట్నుంచీ
పార్టీ ఫిరాయించినవాణ్ణి చూసినట్టే చూస్తుంది.

మొన్న రెండోవైపు వేశాను.
అది కీబోర్డు ఒక్కదానితో మొదలవుతుంది, నిమిషం పైన,
ఆవిరి పట్టిన కిటికీ మీద
వేలితో పేరు రాస్తున్నంత సన్నగా.
హెల్కా కళ్లు మూసుకుంది.
తైస్తో స్పీకరు వంక చూశాడు, నా వంక చూశాడు.
"సూది పెట్టావా, లేదా?" అన్నాడు.

కీబోర్డు మోగుతూనే ఉంది.

ఇరవై ఆరేళ్లు, యంత్రం పక్కన నిలబడే పని.
సన్నవి అది తినేసింది, లావువి వదిలింది.
ఏడ్చే గిటారు అతని రికార్డులోంచి
ఏ సంవత్సరమో చెప్పకుండా వెళ్లిపోయింది.
రుబ్బేది మిగిలింది.
అతనికి ఉన్నంతలో అది మెటలే.

హెల్కా కళ్లు తెరిచింది.
కాటుక సర్దుకోవాలన్నట్టు అటు తిరిగి, కాసేపు ఉంది.
గిటార్లు పడ్డాయి. "ఆ, ఇదిగో!" తైస్తో తల ఊగింది.
ఆమె కుర్చీ ఈడ్చుకుంటూ అతని ఎడమచెవి దగ్గరికి జరిగి
"రాక్," అంది.
"మెటల్!"
"రాక్, మొద్దు మొహమా! వినపడిందా? రాక్!"
ఇన్నేళ్లలో అంత దగ్గరగా కూర్చుని తిట్టగా చూడలేదు.

కొట్టు కట్టేస్తూ చివరి అట్ట బయటికి తీశాను.
మూలలు మెత్తబడ్డాయి, జాము మరక.
కొత్తది కోసి మళ్లీ అదే మాట రాశాను,
ఈసారి అక్షరాలు పెద్దవి.
నా కళ్ల సంగతి నాకు తెలుసు.