లోపలి బేడం

పొద్దుగాల్నే ఫోన్ చేసింది నుస్రత్ మేడం.
"సోమాచారీ, రంపం పట్టుకొని రా,
తలుపులకు కండ్లు పెట్టాలె."

పరకాల రోడ్డు మీద మా హైస్కూలు.
పందొమ్మిదేండ్ల కింద ఆ తలుపులు చేసింది నేనే.
బిల్లుల టేకు, చేతికొచ్చింది మద్ది,
అయినా ఇప్పటికీ ఒక్కటి వంగలే.
సైన్సు గదికి లోపల్నుంచి
జానెడు ఇత్తడి బేడం, ఇష్టంగ బిగించిన.
ఏస్తే కిర్రుమనది, తీస్తే కిర్రుమనది.
అప్పటి సార్లు మెచ్చుకున్నరు.
పనోనికి ఇంకేం కావాలె.

మేడం చాక్‌పీసుతోని గీత గీసింది.
"ఈడ అద్దం. మసకది కాదు, నీళ్లసొంటిది.
వరండాల పొయ్యేటోళ్లకు లోపలోళ్లు అగుపడాలె.
బేడాలన్నీ ఊడబెరుకు."
లెక్కల సారు నవ్విండు,
"మేమంత దొంగలమా మేడం?"
ఆమె రిజిస్టర్ల నుంచి తల ఎత్తలే,
"మంచోని తలుపుకు అద్దం బరువా సార్?"
ముసలి హిందీ సారు రాజలింగం
ఏం మాట్లాడలే.
తన కుర్చీ తనే మోసుకొచ్చి వరండాల ఏసుకున్నడు,
వెనుకబడ్డ పిల్లలు ఆయన చుట్టు కూసున్నరు.

ఇగ చిట్టీల డబ్బా.
రేకుది చేస్తనంటే వద్దన్నది.
"రేకుల కాయితం పడితే సప్పుడైతది,
సప్పుడుకు బెదిరే పిల్ల ఎయ్యదు."
చెక్కతోని చేసి అడుగున బనీను గుడ్డ పరిచిన.
తాళాలు రెండు. ఒకటి మేడానికి,
ఇంకోటి బడి జీతం తీసుకోనామెకు,
బీడీలు చుట్టే కొమురమ్మకు.
ఇద్దరుంటెనే తెరుచుడు.
ఆఫీసు గోడకు కొట్టబోతాంటే
ఆరో తరగతి పిల్ల, భూక్యా సంగీత, నా సుత్తె పట్టుకున్నది.
"తాతా, ఈడ ఏస్తే అందరు సూస్తరు.
నల్లా కాడ పెట్టు. ఇంకింత కిందికి,
నాకు అందాలె."

"మగపిల్లలు గూడ ఏస్తరా మేడం?"
"ఏస్తరు. వాళ్లనైతే అడిగేటోళ్లే లేరు."

పగటన్నం తిన్నంక సైన్సు గది.
రంపం దిగుతాంది, పొట్టు ముంజేతుల మీద పడుతాంది,
నా బిడ్డ ప్రవళిక యాదికొచ్చింది.
తొమ్మిదిల ఉన్నప్పుడు, అన్నం కాడ:
"బాపూ, బడి తలుపుకు బేడం లోపలెందుకు పెట్టినవ్?
దొంగలు బయటనే ఉంటరు గద?"
నేను నవ్విన.
"బేడం లోపలుంటేనే తలుపు, పిచ్చిదాన."

దసర సెలవులైనంక బడికి పోనన్నది.
సైన్సు ఎక్కుత లేదన్నది.
అగ్గువకు దొరికిన జవాబు,
బేరం చెయ్యకుండ తీసుకున్న.
సైన్సుల ఎనబై రెండు మార్కులు
ఇంకా మా పెట్టెల ఉన్నయి.

ఆ సారు ప్రమోషన్ మీద పోయిండు ఎన్నడో.
శాలువ కప్పి పంపిన్రు.
ఆ శాలువ పైసలల్ల నాయి యాభై.

నాలుగు స్క్రూలల్ల మూడు వచ్చినై.
నాలుగోది రాదు.
బిగించిన చెయ్యి ఎవ్వలదో నాకెరుకే.
ఉలి పెట్టి చెక్కతోనే లేపిన.
అరచేతుల బేడం,
నడుమ అరిగి మెరుస్తాంది.
"లప్పం పెట్టి రంగెయ్యి" అన్నది మేడం ఆ గుంత సూసి.
ఉండనీ మేడం, అన్న.

మాపటికి జమ్మికుంటకు ఫోన్ చేసిన.
అవుతల కుట్టుమిషిను సప్పుడు.
"బిడ్డా, ఇయ్యాల మీ సైన్సు గది బేడం తీసేసిన."

మిషిను ఆగింది.

చలివాగు దిక్కు నుంచి గాలి.
బీడీ అంటుపెట్టుకోలే, దగ్గలే,
పొద్దుపోయిందని గూడ అనలే.
"అద్దం పెద్దదేనా బాపూ?" అన్నది సానసేపటికి.
పెద్దదే బిడ్డా, అన్న.
మళ్లా ఊకున్నది.
ఊకున్న నేను.
గీసారి తొందర లేదు.
ఫోన్ చెవికే ఉంది.