గురువారం రాత్రి తొమ్మిదికి

ఓరియెంటేషన్‌కి ఇంకా పదకొండు రోజులు.
ఆ రోజు నీలం చొక్కాలవాళ్లు మెడలో పేర్లు వేలాడేసుకుని
కంగారు పడకండి, అన్నీ మేం చెప్తాం అంటారట.
సీట్లు మాత్రం ఇవాళ అర్ధరాత్రికే తెరుచుకుంటాయి.

ఇష్పెమింగ్‌లో ఈ వేళకి వెలిగే దీపాలు రెండే:
పోలీసు స్టేషనూ, మా అమ్మ లాండ్రీ.
ఏడో నంబరు డ్రైయర్లో ఎవరో గనివాళ్ల మేజోళ్లు
గాజు వెనక ఎగిరెగిరి పడుతున్నాయి.
నేను కౌంటర్ దగ్గర, చిల్లర గిన్నె పక్కన
క్లాసుల జాబితా తెరుచుకుని కూచున్నాను.

పన్నెండయింది.
వేలు ఆనించేలోపే
రాళ్లూ ఖనిజాలూ నిండిపోయింది.
మా తాత ఎయినో ముప్పై ఏళ్లు
భూమి లోపలికి దిగి ఇనుము పైకి పంపినవాడు.
ఆ రాళ్ల పేర్లు నేర్చుకునే వరసలో
నేను పంతొమ్మిదోదాన్ని.

మిగతావి నేనే ఎంచుకున్నానంటే అబద్ధం.
బస్సు ఎంచుకుంది.
తొలి బస్సు ఏడూ ఇరవైకి దింపుతుంది గనక
ఎనిమిదింటి ఆల్జీబ్రా.
ఆఖరి బస్సు ఐదూ పదికి కదులుతుంది గనక
మూడింటి వ్యాసరచన.
మధ్యాహ్నం ఒంటిగంటకి నాకు వేరే దిక్కు లేదు గనక
సమాజశాస్త్రానికి తొలిమెట్టు.
చెప్పేదెవరో కూడా రాయలేదు,
పేరుండాల్సిన చోట సిబ్బంది అని ఉంది.
సిబ్బంది గారూ, మీ కోసమే వస్తున్నా.

గళ్లు నిండిన పట్టిక చూస్తే
అచ్చం మా షాపు గోడ:
వరసగా మిషన్లు, ఒక్కోదానికీ నిమిషాల లెక్క,
లోపల తిరిగేవన్నీ ఎవరివో బట్టలు.

ఊరికే కిందికి జారుతూ పోతే
ఎవరూ ముట్టని అడుగున కనబడింది
నక్షత్రాల ల్యాబ్. ఒక్క క్రెడిట్.
గురువారం రాత్రి తొమ్మిదికి, సైన్సు బిల్డింగు డాబా మీద.
ఎవరి దుప్పటి వాళ్లే తెచ్చుకోవాలని చిన్నక్షరాల్లో.
ఇరవై సీట్లకి పదహారు ఖాళీ.

తొమ్మిదికి బస్సు లేదు. పదింటికీ లేదు.
నవంబరులో మంచు మోకాలు దాటాక
రోడ్డుంటుందన్న నమ్మకమే లేదు.
పైగా మబ్బు పడితే క్లాసుండదట.
ఇక్కడ మబ్బు పట్టని గురువారాలు లెక్కెయ్యడానికి
ఒక చెయ్యి చాలు, ఇంకో వేలు మిగులుతుంది.

అమ్మని అడగలేదు.
అడిగితే వద్దనదు.
పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లతోనే లేచి
కారు అద్దం మీద మంచు గీకడం మొదలెడుతుంది.
అందుకని అడగలేదు.

పన్నెండున్నరకి రొట్టెల వ్యాను ఓర్వో వచ్చాడు,
పిండి కొట్టుకుపోయిన ఏప్రన్ల మూట భుజానేసుకుని.
గురువారాలు ఎన్నింటికి తిరిగొస్తావన్నాను.
పదకొండుకి, సరస్సు పక్కనుంచి, ఖాళీ ట్రేలతో.
ఎందుకూ?
ఊరికే.
ఊరికే అడిగేవాళ్లెవరూ రాత్రి ఇంతసేపు మేలుకోరన్నాడు.
నా భుజం మీదుగా తెర వైపు వంగి
పెదాలు కదుపుతూ మెల్లగా చదివాడు.
దుప్పటి నా వ్యానులో ఉంది, అన్నాడు.
ఈస్టు వాసనొస్తుంది, పర్లేదా?

నొక్కాను.
పదకొండు రోజుల తర్వాత నీలం చొక్కా ఎవరైనా
ఈ క్లాసెందుకమ్మా అంటే
ఏం చెప్పాలో ఇంకా ఎంచుకోలేదు.

ఏడో నంబరు ఆగింది.
తలుపు తీసి, వేడి మేజోళ్లు ఒళ్లో పోసుకుని
జతలు కలిపాను.
పదమూడు.