క్లిప్పులకు వేలాడిన గోడ

గుమ్మ ఘాటీ సగం ఎక్కేసరికి
బండి వేడెక్కి మొరాయించింది.
"బొమ్మలెక్కడికీ పోవులే" అన్నాడు దానియేలు,
రాతి మీద కూర్చుని పనసతొనల పొట్లం విప్పుతూ.

పర్లాకిమిడిలో నేను బోర్డులు రాస్తాను.
తెలుగొక వరస, ఒడియా ఒక వరస,
కిరాణా కొట్టయినా కల్యాణ మంటపమైనా
అక్షరానికింత అని లెక్క.
దానియేలు కరెంటు మనిషి. సవర.
ఇరవై ఏళ్లుగా నా నిచ్చెనకి
ఒక పక్క అతని భుజమే.
వాళ్ల ఊరు రావడం మాత్రం ఇదే మొదలు.
ఆ మాట నేననలేదు, తనూ అనలేదు.

తలసింగులో చివరి కప్పు చర్చిది.
తుపానుకి సగం ఎగిరిపోతే
నీలం పరదా కట్టారు.
కొత్త రేకుల కోసమే ఈ బొమ్మలు.
గుమ్మంలో చీలిక కోసిన డబ్బా,
పద్దు పుస్తకంతో రాహేలు అనే పిల్ల.
గంటకి బదులు
పాత చిన్నరైలు పట్టా ముక్క.
అంత బరువు ఘాటీ మీదికి ఎవరు మోశారంటే
ముగ్గురు మూడు పేర్లు చెప్పారు.

లోపలంతా నీలం వెలుతురు,
అందరం నీళ్ల అడుగున తిరుగుతున్నట్టు.
బల్లలు గోడకి జరిపి
క్రిస్మస్ నక్షత్రాలు కట్టే తాడుకే
బట్టల క్లిప్పులతో కాగితాలు.
ఎర్రమట్టి రంగు మీద బియ్యప్పిండి తెలుపు.
పుల్ల కొసతో గీసిన మనుషులు,
రెండు ముక్కోణాలు మొనకి మొన ఆనించినట్టు.
గుర్రాలు, దువ్వెన, ఏనుగు, తేనెపట్టు.
వాటి మధ్యే జీడిపిక్కల లారీ.
సెల్లు టవరు, దాని మీద కోతి.
ఒక బొమ్మలో నర్సమ్మ చేతి సూది
మనిషికన్నా పొడుగు.
నవ్వాను. గీసిన కుర్రాడు పక్కనే ఉన్నాడు.
"నొప్పి అంత ఉంటాది" అన్నాడు.

చేతి అలవాటు, చీటీలు చదివాను.
తెలుగులో గుర్రానికి వత్తు జారిపోయింది.
ఒడియా పర్వాలేదు.
మూడో వరస సవర లిపి,
నా కంటికి సున్నాలూ కొక్కేలూ.
"ఏం రాసుంది?"
దానియేలు చాలాసేపు చూశాడు.
"నాకూ రాదు" అన్నాడు,
చేతిలో ఫ్యూజు పట్టుకున్న మనిషిలా.

చివరి క్లిప్పుకి ఒక కాగితం.
చుట్టూ అంచు, చేపముల్లు గీతలు,
ఒక్కటీ వంకర పోలేదు.
లోపల ఏమీ లేదు. ఎర్రమట్టి, అంతే.
ఇంకా అవలేదేమో అనుకున్నాను.

గీసింది దానియేలు మేనత్త సుసాన్నమ్మ.
బల్ల కొసన కూర్చుని సవరలో ఏదో చెప్పింది.
అతను ఆగి ఆగి తెలుగు చేశాడు:
"బాప్తిస్మం రోజు మా తాత
గోడ మీది బొమ్మని పేడతో అలికేశాడట.
ఈమెకి ఆరేళ్లు. బాల్చీ పట్టుకుంది ఈమే.
బొమ్మలో ఏముండేదో గుర్తు లేదట.
అంచు గుర్తుందట.
తన ఎత్తుకి అంచే కదా అందేది."

పాస్టరుగారు వెనక నిలబడి విన్నారు.
ఏమీ అనలేదు.
కాగితం ఒక పక్కకి వాలితే
క్లిప్పు సరిచేసి వెళ్లారు.

కొందామని జేబులో చెయ్యి పెట్టాను.
అమ్మదట.
"మరెందుకు వేలాడదీశావు?" అన్నాడు దానియేలు.
ఆమె అతని మొహం కాదు, చేతులు చూసింది.
జవాబేదో చెప్పింది.
దాన్ని మాత్రం అతను తెలుగు చెయ్యలేదు.

రెండొందలు డబ్బాలో వేశాను.
రాహేలు పేరు రాసుకుని
"రేకులో పావు" అంది ఖచ్చితంగా.
జేబులో పెన్ను తీసి
గుర్రానికి వత్తు పెట్టి బయటికొచ్చాను.

దిగేటప్పుడు బండికి ఏ రోగమూ లేదు.
మలుపుల్లో నా భుజం మీద
దానియేలు వేలు కదులుతోంది:
గీత, ఎదురు గీత, గీత.
కరెంటు పని చేసే వేలు, గట్టిది,
చొక్కాలోంచి తెలుస్తోంది.
ముందొక లారీ, దుమ్ము రేపుకుంటూ.
హారన్ కొడితే దారిస్తాడు.
కొట్టలేదు.