ఖాళీ బండి బరువు

పదకొండేండ్లు నేను లారీలను తూచినా.
కాటా గదికి ఒక కిటికీ, ఒక ఫ్యాను,
తోతాపురి కాయతో వచ్చిన ప్రతి బండికీ
ముందు నిండు బరువు, ఆనక ఖాళీ బరువు.
రెంటికీ నడుమ మిగిలేదే రైతు.
డ్రైవరంటే నాకు తెలిసింది
చీటీ కోసం కిటికీలోకి చాపే మోచెయ్యి,
ఎండకు కమిలిన కుడిచేతి రంగు.
"డ్రైవరు దిగల్ల!" అని అరిచేవాణ్ణి, ముఖం చూడకనే.

నిరుడు గుజ్జు ఫ్యాక్టరీ మూసేసినారు.
ఆఖరున నేను తూచింది కాయల్ని కాదు,
గుజ్జు తీసే మిషన్లను, పాత ఇనుము లెక్కన.
నా చేత్తోనే రసీదు కొట్టిచ్చినా.

తొమ్మిది నెలలు.
గ్రీమ్స్‌పేటలో ఒక గోడౌను, పలమనేరు రోడ్డులో ఒక పెట్రోలు బంకు,
"నలభై మూడా?" అని అడిగి
నీళ్లు తాగి పొమ్మన్న మర్యాదస్తుడొకడు.

మురకంబట్టు దాటినాక దస్తగిరి సాబు హెవీ డ్రైవింగు స్కూలు.
స్కూలంటే ఒక రేకుల షెడ్డు,
నొసట ఎర్రగా ఎల్లు రాసుకున్న ముసలి లారీ.
"ఇరవై ఆరు వేలు. డీజిలు నాది. ఆఫీసు ఖర్చు నీది.
పనిలో ఉంటే రెండు గడువులు," అని నా పక్క చూసి
"పని లేకున్నా రెండు గడువులే" అన్నాడు.

పని లేనోడు పని నేర్చుకోను
ముందు డబ్బు కట్టల్ల.
ఈ లెక్క ఏ కాటా మీదా తెగదు.

మా ఇంట్లో చీటీలకు పేర్లుంటాయి.
ఇప్పుడు నడిచేదాని పేరు మోటారు మిషను.
కాళ్లు లాగతా ఉండాయని సంపూర్ణ
ఆరు నెలలుగా కడతా ఉండే యాభై వేల చీటీ.
పదమూడు వేలు వదులుకొని పాడేసిందంట.
నాకు చెప్పింది చీటీలు నడిపే చెంగమ్మ:
"మీ ఆడామె ఎందుకన్నా అంత తొందరపడింది?"

ఇంటికొస్తే కుట్టుమిషను మీద
పదివేలు, పదివేలు, ఆరువేలు,
మూడు మడతలు, మడతకో గుండుసూది.
తక్కింది పిల్లోడి హాస్టలుకు.
"గడువులొద్దు. ఒకేపారి కట్టేసి రా.
అప్పుడు మానుకోను బుద్ధి పుట్టదు."

మొదటి వారం క్లచ్చు వదిలితే చాలు
బండి కప్పలాగ దూకి చచ్చేది.
నా కొడుకు ఈడు పిల్లోళ్లు వెనక నవ్వు మింగేవాళ్లు.
రాత్రి సంపూర్ణతో చెబితే
తొక్కడం ఆపకనే అనింది:
"కాలు ఒకేపారి ఎత్తేస్తే దారం తెగతాది.
మడమ నేలన పెట్టి వేళ్లతో వదులు."

తెల్లారి లారీ
కుట్టు పడినట్టు కదిలింది.
సాబు వక్క నమలడం ఆపినాడు.

"లోడు లేకుండా నేర్పితే నేర్పినట్టా?"
అని నెలాఖరున పలమనేరులో కంకర ఎత్తించినాడు.
ఫీజు మాది, బాడుగ ఆయనది.
మేము నవ్వుకుంటే ఆయనా నవ్వినాడు.

మొగిలి ఘాట్లో గేరు రాడ్డు నా చెమటకు జారతా ఉంది.
"ఏ గేర్లో ఎక్కితివో ఆ గేర్లోనే దిగల్ల నాయినా.
బ్రేకునే నమ్ముకుంటే అది కాలిపోతాది."
దిగినా,
మెల్లంగా, బండి గొణుగుడు వింటా.

బంగారుపాళెం దగ్గర కాటా.
ముందు చక్రం గీత దాటకూడదని
వేలసార్లు అరిచినోణ్ణి, నాకు తెలుసు ఎక్కడ నిలపల్లో.
కిటికీలో పాతికేండ్ల పిల్లోడు
ఫోన్లోనుంచి తల ఎత్తకనే
"డ్రైవరు దిగల్ల!"

ఎవురబ్బా అని పక్కకు చూసినా.
సాబు నిద్రపోతా ఉండాడు,
లేదంటే పోయినట్టు ఉండాడు.

తలుపు తీసి దిగినా.
పైన ఎర్ర అంకెలు కాసేపు తడబడి,
నా అంత తగ్గి,
నిలబడినాయి.