చక్రం ఆగిన చోటు

పీలేరు నుంచి తిరపతికి మధ్యాన్నం ట్రిప్పు.
భాకరాపేట కనమలో, నాలుగో మలుపో అయిదోదో,
ఎనక సీట్లో బిడ్డ ఏడ్చింది.
టిక్కెట్లు కొట్టినోణ్ణి నేనే గాబట్టి
ఇప్పుడు సాక్షినీ నేనే.

రెడ్డెమ్మ పద్దెనిమిది దినాలుగా తిరగతా ఉండాది.
పీలేరులో పంచాయతీ కార్యదర్శి
"మా పొలిమేర దాటినాకనే గదా" అన్నాడంట.
తిరపతి కార్పొరేషన్లో, హెల్త్ ఆఫీసరు గది బయట
"ఆసుపత్రికి రాకముందే పుట్టింది, మాది గాదు" అన్నారంట.
అడివిలో పుట్టిందంటే
అడివికి రిజిస్టరు ఎవురు రాస్తారు?

రంగంపేట సచివాలయంలో శ్యామలమ్మ మాత్రం
కళ్లద్దాలు పైకి తోసి అడిగింది:
"బిడ్డ పుట్టినాక బండి మొదట యాడ ఆగింది?"

ఈడనే. నేనే విజిలేసినా.
టీ అంగడాయన బాయిలర్లో నీళ్లు
చెంబుకు పట్టిచ్చినాడు, దుడ్లు తీసుకోలేదు.
నాలుగు నిమిషాలు. లేటని డిపోలో తిట్లు.
రెడ్డెమ్మ దిగను గూడా దిగలేదు.

"అయితే ఈ ఊరే" అని
పుట్టిన చోటు గడిలో రంగంపేట రాసింది.

నా ఎనక ఒకాయన మరణం ఫారం పట్టుకోని నిలబడినాడు.
"టైమెంత?" అంటే
"నిద్దర్లోనే పోయినాడు మేడమ్, ఎవురు చూసినారు" అన్నాడు.
ఆమె పెన్ను కాసేపు పైననే ఆగింది.

బిడ్డ పేరు గడి ఖాళీగా ఇడిచిపెట్టింది,
తరవాతైనా రాయొచ్చంట.
సంతకం పెట్టి బయటికొస్తే
టీ అంగడి మూసుండాది.
చెంబు బాయిలరు మింద బోర్లించుండాది.